మా అవ్వ కొంగున ముడేసిన బొడ్డు

కానుపుకని హిందూపురంలోని మా ఇంటికి వచ్చిన మనవరాలిని వెతుక్కుంటూ మొన్న ఒక కంపెనీ మనిషి వచ్చి, బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులోని రక్తం పట్టి చల్లని పెట్టెల్లో దాస్తామని, అందులో మూలకణాలు ఉంటాయని, రేపు ఏ జబ్బుకైనా పనికి రావచ్చునని చాలాసేపు చెప్పాడు. నేను కాఫీ ఇవ్వలేదు. కొనే ఉద్దేశం లేనప్పుడు పాలు దండగ చేయడమెందుకు? మనవరాలు చదువుకున్న పిల్ల గనుక, ఆ కణాలతో ఎవరైనా కొత్త మందు కనిపెడితే అది ఎవరిదవుతుందని అడిగింది. హక్కులన్నీ కంపెనీవేనన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పెనుకొండలోని మా అవ్వ, అదే మా నాయనను కన్నతల్లి, గుర్తొచ్చింది.

మన కాలం వాళ్ళకు తెలిసిందే, పసిబిడ్డకు ఊడిన బొడ్డును ఎండబెట్టి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టేవాళ్ళం. పిల్లలు లేని ఆడది దాన్ని అరటిపండులో పెట్టుకుని మింగితే కడుపు పండుతుందని నమ్మకం, అందుకే ఎవరూ బయటికి పోనిచ్చేవాళ్ళు కారు. మా తమ్ముడి బొడ్డునైతే అవ్వ తాయెత్తును కూడా నమ్మక, తన కొంగునే ముడేసుకుని తిరిగేది. ధర్మవరంలో మా పిన్నమ్మకు, అంటే మా అమ్మ చెల్లెలికి, పెళ్ళై ఏళ్ళైనా పిల్లలు లేక, అత్తగారింట్లో మొగుడికి రెండో సంబంధం వెతకడం మొదలుపెట్టారు. ఆమె వచ్చి ఏడిస్తే, మా వంశం సత్తువ మీ ఇంటికెట్లా పంపేదని అవ్వ మొండికేసింది. చివరికి అమ్మ పొయ్యి వెలిగించనని కూర్చుంటే దిగివచ్చి సగం కోసి ఇచ్చింది. అదీ ఊరికే కాదు, పుట్టే బిడ్డకు తన పేరే పెట్టాలని, పుట్టువెంట్రుకలు మా ఇలవేల్పుకే ఇవ్వాలని ఒట్టు వేయించుకుని మరీ.

మరుసటి ఏడే ఆడపిల్ల పుట్టింది. బొడ్డు మహిమో, దైవమో, నేను చెప్పలేను. ఆ పిల్ల బొడ్డు ఊడగానే మగ్గాల వీధిలోని పిల్లలు లేని ఆడవాళ్ళంతా పిన్నమ్మ గుమ్మం ముందు చేరారని తెలిసి, అవ్వ నన్ను వెంటేసుకుని బస్సెక్కింది. మేము పోయేసరికి పిన్నమ్మ అడకత్తెరతో ముక్కలు చేస్తోంది.

“నా బొడ్డులోంచి వచ్చిన బొడ్డు ఇది! నన్నడక్కుండా ఎట్ల పంచుతాండావే?” అని అవ్వ వీధంతా వినేటట్టు అరిచింది.

“నా కడుపు పండింది గదా, ఇంగొకరిది ఎండిపోనీ అనమంటావా అత్తా? ఈళ్ళ మొగాలు చూసి ఆ మాట నువ్వే చెప్పు,” అంది పిన్నమ్మ.

అవ్వ వాళ్ళ ముఖాలు చూసింది. ఆ తర్వాత పిన్నమ్మ చేతిలోని అడకత్తెర లాక్కుని, “ఇంత లావు ముక్కలు కోస్తే ఎంతమందికొస్తాదే, దుబారాదానా!” అని తిడుతూ, తానే కూర్చుని వక్కపలుకులకన్నా సన్నగా కోసి పంచింది. కొందరికి పిల్లలు పుట్టారు, కొందరికి పుట్టలేదు; ఆ సాయంత్రం మాత్రం అందరూ కలిసి మమ్మల్ని బస్సెక్కించారు.

మనవరాలు ఆ కంపెనీ కాగితాల మీద సంతకం చేయలేదు. బొడ్డుతాడు రక్తాన్ని అవసరమైన వాళ్ళెవరికైనా ఇచ్చే చోటుందేమో డాక్టరమ్మను అడుగుతానంది. మరి ఆ హక్కుల సంగతి తేల్చేదెవరప్పా అని నేనడిగితే, ఆ కంపెనీ మనిషి పాపం, తనకూ తెలియదని, పైవాళ్ళను అడగాలని అన్నాడు. ఆ పైవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో కూడా అతడికి తెలియదు. మన రోజుల్లో దాచుకున్న మనిషి ఎంత మొండిదైనా ఎదురుగా నిలబడి అడిగే వీలుండేది, అడిగితే మెత్తబడేది. ఇప్పుడు మెత్తబడేదాకా పోట్లాడదామన్నా, ఎదురుగా మనిషే లేడు.