నలభై అయిదు స్పీడులో జాజ్

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆఫీసు గుడారంలో ఉండేది. కాగితాలు గాలికి ఎగరకుండా బేతంచెర్ల బండముక్కలు పెట్టేవాళ్ళం. వేసవి మధ్యాహ్నాల్లో ఆ బండలు ముట్టుకోవాలంటే చేతిరుమాలు కావలసి వచ్చేది. అలాంటి చోట మా సూపరింటెండెంటుగారికి అమెరికా సంగీతం మీద ప్రేమ పుట్టింది.

ఆయన మద్రాసు నుంచి వచ్చినవారు. కర్నూలును తనకు పడిన శిక్షగా భావించి, ఆ శిక్షను మాకు కూడా పంచాలనుకున్నారు. హార్బరులో పనిచేసే స్నేహితుడొకడు ఎవరో ఓడ మనిషి దగ్గర సంపాదించి ఇచ్చిన లాంగ్‌ప్లే రికార్డు ఒకటి ఆయన దగ్గర ఉండేది. అట్ట మీద కళ్ళు మూసుకుని శాక్సఫోను ఊదుతున్న నల్లజాతి మనిషి బొమ్మ. పాత జాజ్ డాన్సులకు పనికొచ్చే సంగీతమనీ, ఈ కొత్తవాళ్ళు పాటను విరగ్గొట్టి ఆ ముక్కలతో అక్కడికక్కడే ఇంకోటి కడుతున్నారనీ అట్ట వెనక ఇంగ్లీషులో రాసి ఉంది. ఆయన దాన్ని కంఠస్థం చేశారు. ఆదివారం ఉదయాల్లో తన ఇంట్లో నవ్య సంగీత మండలి పెట్టారు. ఆయన కాక ఎనిమిదిమందిమి సభ్యులం, అందరం ఆయన కింద పనిచేసేవాళ్ళమే. కళాభిరుచి అంత క్రమశిక్షణతో హాజరు కావడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గ్రామఫోను పెట్టె మీద రికార్డు పెట్టగానే శాక్సఫోను కీచుమంటూ అందుకునేది. వెనక డ్రమ్ములు రేకుల కొట్టం మీద వడగళ్ళు పడ్డట్టు మోగేవి. మా టైపిస్టుకు ప్రతి వారం తలనొప్పి వచ్చేది. అయినా చివర్లో “బ్రహ్మాండం సార్” అనడం మానలేదు. ఈ వేగమే అణుయుగపు నాదమని సూపరింటెండెంటుగారు వేలెత్తి చెప్పేవారు. నాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. భజనలు, హరికథలు తప్ప ఏమీ వినలేదు. కానీ నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అందుకని ఆ సంగీతం నాకు అందరికంటే ముందు అర్థమైంది. ఒక వారపత్రికకు దాని మీద వ్యాసం కూడా రాశాను. ఊపిరి అనే అవసరాన్నే జయించిన కళాకారుడు అని అందులో ఒక వాక్యం. సూపరింటెండెంటుగారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, నేను పైకొస్తానన్నారు.

ఆఫీసు వార్షికోత్సవానికి ఈసారి పౌరాణిక పద్యాలు వద్దు, జాజ్ కావాలని ఆయన నిర్ణయించారు. వాయించేదెవరని అడిగితే, ఎర్రగుంట్లలో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఊదే ఒక సాయిబు ఉన్నాడని నేనే చెప్పాను. యాభై దాటిన మనిషి. ఒకసారి విన్న పాట మరిచిపోడు. కబురంపగానే ద్రోణాచలంలో బండి మారి వచ్చాడు. ఆఫీసర్ల ఇంటికి పోతున్నానని బ్యాండు వాళ్ళ ఎర్రకోటే తొడుక్కున్నాడు.

సూపరింటెండెంటుగారింట్లో మేము కుర్చీల్లో కూర్చుని సాయిబును చాప మీద కూర్చోబెట్టాం. రికార్డు విని నేర్చుకోమన్నారు. ఒకసారి తల వంచుకుని విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారికి పెట్టె దగ్గరికి జరిగి చెవి ఆనించాడు. టైపిస్టు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

“సారూ, ఈయప్ప ఊపిరి తీసుకునేది ఈడ వినపడతాండాది,” అన్నాడు సాయిబు. “ఉడత పీల్చినట్టు పీలుస్తాండాడు. యాడనో తప్పుండాది.”

సూపరింటెండెంటుగారు చిరునవ్వు నవ్వారు. “నువ్వు పెళ్ళిళ్ళలో ఊదేవాడివి. ఇది కొత్త సంగీతం. నీకు అందదులే.”

“నాకే కాదు సారూ, ఆయప్పకీ అందదు. ఊపిరి అందరికీ ఒకటే గదా.”

తర్వాత నా వైపు తిరిగి, పెట్టె పక్కనున్న ఆ మీట ఏమిటని అడిగాడు. నేను నాలుగు నెలలుగా ఆ మీట పక్కనే కూర్చుంటున్నాను. రికార్డు తిరిగే వేగాన్ని మార్చే ఆ మీట నలభై అయిదు అనే అంకె దగ్గర ఉంది. రికార్డు మీద ముప్పై మూడు అని అచ్చువేసి ఉంది. ఆ గదిలో ఇంగ్లీషు చదవడం రానివాడు సాయిబొక్కడే. సూపరింటెండెంటుగారి ముఖం చూడాలన్న ఆలోచన వచ్చేలోపే నా చెయ్యి మీటను జరిపింది.

కీచుగొంతు కిందికి దిగి బొంగురు గొంతయింది. ఒక మనిషి ఏదో చెప్పబోయి, ఆగి, మాట వెతుక్కుని, మళ్ళీ ఇంకో పక్కనుంచి మొదలుపెట్టినట్టు ఉంది. ఇన్నాళ్ళూ గంతులేసిన పాటలో దిగులు వినిపించింది. నాకు సిగ్గేసింది. సాయిబు కళ్ళు మూసుకున్నాడు.

“ఆ, ఇప్పుడు మనిషైనాడు,” అన్నాడు.

రికార్డు అయిపోయింది. అప్పుడు సూపరింటెండెంటుగారు, మమ్మల్ని పరీక్షించడానికే మీట అలా పెట్టాననీ, నాలుగు నెలలైనా ఒక్కరూ కనిపెట్టకపోవడం విచారకరమనీ చెప్పారు. టైపిస్టు అలవాటుకొద్దీ “బ్రహ్మాండం సార్” అన్నాడు.

వార్షికోత్సవం రోజు సాయిబు రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఊదలేదు. మొదటి వరస మాత్రం అలాగే ఊది, దాన్ని విరిచాడు. ఒక ముక్క పీర్లపండగ వాద్యం వైపు పోయింది, ఇంకో ముక్క పెళ్ళి ఊరేగింపులో కలిసింది. ఎక్కడికి పోతున్నాడో తనకే తెలియనట్టు పోయి, తెలిసినట్టు తిరిగొచ్చాడు. అట్ట వెనక రాసినదంతా చదవకుండానే చేసి చూపించాడు. చివర్లో ముందు వరసలోని పెద్ద ఆఫీసర్లు చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకోలేక ఒకరినొకరు చూసుకున్నారు. ఒకాయన ఇది ఏ సినిమాలోదని అడిగాడు. సూపరింటెండెంటుగారు వేదికెక్కి, అసలు సంగీతం ఇలా ఉండదనీ, వాయించినవాడికి అనుభవం లేదనీ సభవారిని క్షమాపణ కోరారు. నేను రెండో వరసలో కూర్చుని నా చెప్పులు చూసుకున్నాను.

స్టేషనుకు నడుస్తుంటే సాయిబు అడిగాడు.

“ఏమప్పా, తప్పు ఊదినానా?”

“లేదు మామా. శానా బాగుండాది. అట్లాంటిది నేను యాడా వినలేదు.”

“ఆ మాట ఆడ చెప్పింటే బాగుండు,” అన్నాడు. కోపంగా అనలేదు. బండి రాగానే ఎక్కి కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు నా ఉద్యోగం ఖాయమైంది. తర్వాత రాజధాని హైదరాబాదుకు మారితే మేమంతా పెట్టెలు సర్దుకున్నాం. సూపరింటెండెంటుగారు అక్కడ ఇంకో మండలి పెట్టి, కార్యదర్శిగా ఉండమని నన్ను అడిగారు. ఉన్నాను.