చదవకుండా వదిలేసిన ప్రశ్న

ఈస్టర్ వెళ్ళిన రెండో ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ నలభై. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో మా తెలుగు చర్చి కింది హాలు. ఆరేళ్ళయింది. ఆ గడియ ఇంకా నా గుండెల మీద అలాగే కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై ఒకటో ఏట, ఆ హాల్లోనే, బైబిలు చదువుకుందామని. కొత్తలో లోకమంతా నాతో మాట్లాడుతున్నట్టుండేది. పచ్చడి సీసా మాట్లాడేది, గోడమీది క్యాలెండర్ మాట్లాడేది. ఆ మత్తులో ఉన్న రోజులవి.

ఆ ఆదివారం స్వప్న అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడే మాస్టర్స్ చదువుతోంది. కుటుంబాల్లో దిగే జబ్బుల మీద పరిశోధన కోసమని తెలుగులో అచ్చేసిన ఫారాలు, ఉమ్మి పట్టే చిన్న గొట్టాలు తెచ్చింది.

"ఆంటీ, ఈ డేటా అంతా దేశం మొత్తానికీ ఒకేచోట స్టోర్ చేస్తారు. ఏ డాక్టరైనా, ఏ యూనివర్సిటీ వాళ్ళైనా ఓపెన్ చేసి చూసుకోవచ్చు. మీ పేర్లుండవు, నంబర్లే."

"పేరు లేకపోతే నా ఉమ్మి నాదేనని ఎట్టా తెలుస్తదే?" అంది సుగుణ వదిన. అందరం నవ్వాం. ఫారాలన్నీ నా ముందుకు తోసింది. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే రాయి."

చదువుకున్నదాన్ని. ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అనలేదు.

ఒక్కో ప్రశ్నా పైకి చదివాను, వాళ్ళు చెప్పింది రాశాను. తొమ్మిదో ప్రశ్న మాత్రం పైకి చదవలేదు. మీది రక్తసంబంధంలో పెళ్ళా? నా మొగుడు మా అమ్మకు తమ్ముడు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఆసుపత్రిలో ఆ సంగతి చెబితే నర్సు ముఖం మారిపోయింది. ఆ ముఖం వీళ్ళెందుకు చూడాలి? అందరి కాగితాల్లోనూ ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాను.

"ఇక్కడ చదవకుండానే గీశావేందే?" అంది వదిన, వేలు పెట్టి చూపిస్తూ.

"అది మనకి కాదులే వదినా."

అంతే. వాళ్ళని కాపాడాననుకున్నాను. కాపాడింది వాళ్ళనా, నా సిగ్గునా? అడగకుండా వాళ్ళ బతుకులకు జవాబు రాసే హక్కు నాకెవరిచ్చారు?

ఈ ఏడు, వదిన మనవరాలు, నాలుగేళ్ళది, చక్కగా నడిచే పిల్ల, నడక మరిచిపోతోంది. దాని అమ్మానాన్నలది మేనరికమే. ఆ రోజు మేమిచ్చిన వివరాలు దాచిన దేశపు కొట్టు తెరిచి డాక్టరు వెతికాడట. చర్చి మెట్ల మీద వదిన నా చెయ్యి పట్టుకుంది. "మనోళ్ళ కాయితాలున్నాయంట గానీ, మేనరికం ఇళ్ళయి ఒక్కటీ లేవంట. పోల్చి చూట్టానికి లేదంట. ఆ రోజు మనమంతా ఇచ్చాం గదే?"

చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాను.

ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళే దారిలో కిటికీల్లేని పెద్ద పెద్ద కట్టడాలుంటాయి. ఆ డేటా అంతా అలాంటి వాటిలోనే దాస్తారని స్వప్న చెప్పింది. కారులో కునుకు పడితే చాలు, ఆ గోడల్లోంచి లోపలికి వెళ్ళిపోతాను. తేనెపట్టులాంటి రొద. ఎటునుంచి వస్తుందో తెలియని తెల్లటి వెలుతురు. మా ఆడవాళ్ళంతా వరసగా, ముఖాల్లేకుండా, నంబర్లతో కూర్చుని ఉంటారు. ఆ పిల్ల పాకుతూ వచ్చి ఒక్కొక్కరి ఒళ్ళోకీ తొంగి చూస్తుంది. అందరూ నా గొంతుతోనే ‘కాదు’ అంటారు. పిల్ల పక్క ఒడికి పాకుతుంది.

నాకు క్షమాపణ వద్దు. ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది, అంతవరకే. మా కాగితాలు దిద్దించమని ఇంకో నకలు స్వప్నకు పంపుతున్నాను. వదినకు చదువు రాదు. ఆమెకు నేనే పైకి చదవాలి, ఈసారి ఏదీ వదలకుండా.

ఆ రోజు ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం: ఫారాలు తెచ్చిన స్వప్న. సుగుణ వదిన, మేనమామ కొడుకును చేసుకుంది. కాంతమ్మ, మేనమామను. ఎస్తేరు, మేనత్త కొడుకును. మార్తమ్మది బయటి సంబంధం, ఆ ఒక్క కాగితమే నిజం. నేను. మా మేనమామను.