గాలికి కుట్టిన బొంత

మా మీది వాటాలో అద్దెకుండే సైన్సు టీచరమ్మ ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. ఎవరు తలుపు కొట్టినా ముందు భయపడేదాన్ని నేను. ఆ పొద్దు తలుపు చప్పుడైతే మాత్రం పాలవాడే అనుకుని తీరిగ్గా లేచాను. వచ్చింది ఆ కబురు.

ఆమె నాచారంలో సర్కారు బడిలో చెప్పేది. చిల్కానగర్‌లో మా ఇంటి మెట్లెక్కే ముందు గుమ్మం దగ్గర ఆగి, "పెద్దమ్మా, ఇయ్యాల దేనికి ఫికర్?" అని అడిగేది. ఏదో ఒకటి ఉండేది. గ్యాసు కట్టేశానా, కూతురు ఎక్కిన బస్సు ఉప్పల్ దాటిందా. నా చదువు నాలుగో తరగతిలో ఆగింది గానీ, భయాలు ఆగలేదు.

అన్నిటికంటే పెద్ద భయం మనవరాలి ఊపిరి. దానికి చిన్నప్పటి నుంచి ఆయాసం. ఫ్యాక్టరీల వాసన వస్తుందని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేదాన్ని. ఏడో తరగతిలో దాన్ని ఖోఖో జట్టులోకి తీసుకున్నారు. ఆడొచ్చని డాక్టరు అన్నాడు, నేను వద్దన్నాను. ఆ వారమే అది బడి నుంచి వచ్చి, "పైన ఓజోన్‌కు బొక్క పడ్డదంట అమ్మమ్మా" అనేసరికి మిద్దె ఎక్కడం కూడా మాన్పించాను.

సంగతి తెలిసి టీచరమ్మ దిగి వచ్చింది. కిటికీ గుడ్డలు చూసింది.

"నీ చేతి బొంత ఒకటి గావాలె పెద్దమ్మా, అయిదు పాత చీరలతోని. మన మీద గాలి గూడ అయిదు పొరలే. పిల్లలకు సూపిస్త" అంది.

బొంత కప్పుకునేటప్పుడు అరిగి మెత్తబడ్డ చీర ఒంటి వైపు, ముతకది పైకి ఉండాలి. మా అమ్మ నేర్పిన పద్ధతి. అలాగే కుట్టి పరిచాను. టీచరమ్మ తడిమి చూసి పకపకా నవ్వింది.

"గాలి నీ లెక్క గాదు పెద్దమ్మా. మందమంత మన దిక్కే ఉంటది. పైకి పోయినకొద్ది పల్సన."

"అయ్యో, మొత్తం విప్పాల్నా?"

"ఎందుకు? తిరగెయ్."

తర్వాత నా ప్రతి భయానికీ అదే మాట చెప్పేది. "జర తిరగేసి సూడు."

ఆ రోజు తిరగేసి, పాఠం ముందు నాకే చెప్పింది. అడుగున ముతక చీర మనముండే ట్రోపో ఆవరణం, మబ్బులూ వానలూ అందులోనే. దాని మీద స్ట్రాటో ఆవరణం, ఎండలోని చెడును ఆపే ఓజోన్ అక్కడ. ఆ పైన మీసో, ఎముకలు కొరికే చలి, రాలే చుక్కలు చాలావరకు అందులోనే కాలిపోతాయట. తర్వాత మస్తు వేడి ఉండే థర్మో. ఆఖరున ఎక్సో, నా పాత వాయిలు చీరలా ఉందో లేదో తెలియనంత పల్చన.

"మరి ఆ బొక్క?"

"బొక్క గాదు, బట్ట అరిగినట్టు. పాత ఫ్రిజ్‌లల్ల వాడిన గ్యాసులు అరగదీసినయి. దేశాలన్ని గలిసి వాటిని బంద్ వెట్టినయి. మెల్లగ మళ్ల మందమైతున్నది."

"గాలంత ప్రాణవాయువేనా?"

"అయిదో వంతు. ముప్పావుకు కొంచెం ఎక్కువనే నత్రజని. మిగిలింది తాలింపంత."

"గా అయిదో వంతు పిల్లకు సాల్తదా?"

"సాల్తది. నువ్వు గుడ్డలు గుక్కితే కొత్త గాలి యాడికెల్లి వస్తది? పొగ వాసనొస్తే మూయి, పోయినంక తెరువు."

గుడ్డలు తీసేశాను. ఖోఖోకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "పోటీ నాడు నేను పక్కనుంట, పంపు" అంది. అప్పుడు తలూపాను.

పోటీకి ముందే ఆమె వెళ్లిపోయింది. ఆమె తరగతి పిల్లలు బొంతను మడతపెట్టి తెచ్చిచ్చారు. మనవరాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని అడిగింది. "టీచర్ లేదు గద అమ్మమ్మా. పోవద్దా?"

వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ భయాన్నీ తిరగేసి చూశాను.

"టీచర్ లేకుంటే నేనుంట. ఆయాసానికి నోట్ల పీల్చే పంపు సంచిల వెట్టుకో."

ఉప్పల్ మైదానంలో గోడవారన ఆ బొంత పరిచాను, ముతక వైపు నేలకు. ఆట ముగిశాక పిల్ల రొప్పుతూ వచ్చి దాని మీద వెల్లకిలా పడింది. చేతిలో పంపు పట్టుకుని కూర్చున్నాను. అది వద్దన్నట్టు చెయ్యూపి, మీది ఆకాశంలోకి చూస్తూ నవ్వింది. దాని ఛాతీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది.