బాయిలరు మేస్త్రీ, తీగచుట్ట

మంగళవారం ఉదయం పది గంటలకు, రిటైరైన బాయిలరు మేస్త్రీ ఆవిరి ఇంజను నోట్లో ఇరుక్కుపోయాడు. తలా భుజాలూ లోపల, కాళ్ళు బయట, మధ్యలో పొట్ట. ఇద్దరు ఫిట్టర్లు అర డబ్బా గ్రీజు పూసి, చెరో కాలూ పట్టి లాగితే మనిషి వచ్చాడు. చొక్కా లోపలే ఉండిపోయింది.

బొగ్గు వేసే ఆ కన్నంలోంచి ముప్ఫై ఏళ్ళు పిల్లిలా దూరి పనిచేసినవాడే. డీజిళ్ళొచ్చాక ఇంజన్ని స్టేషను ముందు తోటలో నిలబెట్టారు, ఈయన్ని ఇంటికి పంపారు. దానికి తుప్పు పట్టింది, ఈయనకు పొట్ట వచ్చింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ నడిపిద్దామని షెడ్డుకు తెచ్చి అన్నీ బాగుచేశారు గానీ, బాయిలరు గొట్టాల చివర్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. మూడు వారాల్లో ఇన్‌స్పెక్టరు వచ్చి, నీళ్ళు నింపి ఒత్తిడి పెడతాడు. చుక్క కారిందా, బండి మళ్ళీ తోటలోకే. ఇక కదిలేది లేదు.

"మేం దూరతాం బాబాయ్, నువ్వు బయట కూచుని చెప్పు," అన్నాడు సన్నటి ఫిట్టరు.

"చెప్తే వచ్చేదా ఇది? సుత్తితో తడితే గొట్టం పలుకుతుంది. అది విని బిగించాలి. ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే కారుతుంది."

"మరి పొట్టకేం చెప్తావ్?"

మేస్త్రీ ఇనుపతీగను సరిగ్గా కన్నం కొలతకు వంచి, ఆ చుట్ట ఇంటికి పట్టుకెళ్ళి వంటింటి మేకుకు తగిలించాడు. అన్నం సగానికి సగం తగ్గించాడు. రోజూ పొద్దున్నే చుట్టను తలమీంచి తొడుక్కునేవాడు. తీర్పరి భార్య.

"ఊపిరి బిగబడితే ఒప్పుకోను. ఇంజన్లో కూడా బిగబట్టే కూచుంటారా?"

పంతొమ్మిదో రోజున చుట్ట జర్రున జారి పాదాల దగ్గర పడింది. మేస్త్రీ పెళ్ళినాడు కూడా అంత మురిసిపోలేదని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

రెండు రోజులు లోపలే కూచుని, తడుతూ వింటూ, ఒక్కో గొట్టమూ బిగించాడు. పాత చొక్కా కూడా దొరికింది. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి అరగంట వెతికాడు. చుక్క లేదు. ఆ వారమే ఇంజను కూత పెట్టి షెడ్డు దాటింది.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే భార్య గరిటె ఆపేసింది.

"మూడు వారాలు కడుపు మాడ్చుకున్నదంతా బూడిదలో పోశారు. రేపు మళ్ళీ అందులో దూరాల్సొస్తే ఏం చేస్తారు?"

"మళ్ళీ దూరే పనిలేకుండా చేసే బయటికొచ్చాను, వడ్డించు."