ఎడారి ప్రయాణంలో మిక్సీ

ఆ వ్యాను పాడైపోవాలని నేను మొక్కుకున్నాను. ఈ మాట ఇప్పటిదాకా అమ్మకు కూడా చెప్పలేదు. జర్మనీలో మేముండే కార్ల్స్‌రూహె శివార్లలో బండ్లు అద్దెకిచ్చే షెడ్డు ముందు మావారు సంతకాలు పెడుతుంటే, పక్కన నిలబడి, ఇంజను కదలకపోతే బావుండు స్వామీ అని లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. తాళం తిప్పగానే స్టార్టయింది.

నా భయం బండి గురించి కాదు. మాకు పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధం. నాది రాజమండ్రి, ఆయన పుట్టి పెరిగింది హైదరాబాదులో. పొద్దున్నే ఆయన ట్రామెక్కి ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా ఇల్లంతా నాదే. కిటికీ దగ్గర కూర్చుని చదువుకునేదాన్ని, డైరీ రాసుకునేదాన్ని. ఆయన వచ్చాక వంట, భోజనం, టీవీ, ఇంటికి ఫోన్లు. మా ఇద్దరి మధ్య మాటలు లేవన్న సంగతి ఆ సందట్లో బయటపడేది కాదు. మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ ఒక్క గదిలోనే ఉన్న బండిలో వారం రోజులు ఎక్కడ దాక్కోవాలి? ఈ అమ్మాయితో మాట్లాడడానికి ఏమీ లేదని ఆయనకు తెలిసిపోతుంది. అదీ నా బెంగ.

ఇలాంటి బండిలో అమెరికా ఎడారుల వెంట తిరగాలని ఆయనకు కాలేజీ రోజుల నుంచీ కోరిక. వీసాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. సెలవులు దగ్గరపడుతుంటే, జర్మనీలోనే ఒక ఎడారి ఉందని ఎక్కడో చదివి వచ్చారు. బెర్లిన్‌కు ఆగ్నేయాన, బ్రాండెన్‌బుర్గ్‌లో, ఒకప్పుడు సైన్యం యుద్ధ ట్యాంకులు తిప్పి తిప్పి చెట్టూ చేమా లేకుండా చేసిన ఇసుక నేల.

"ఎంత పెద్దదండీ?" అని అడిగాను.

"మన బండి రివర్స్ తీస్కునేంత ఉంటది లే," అన్నారు.

మొదటి రెండు రోజులూ ఆటోబాన్ మీద ఆయన పాటలు పెట్టారు, నేను పొలాలు చూశాను. ఆకలేస్తుందా, లేదు. చలేస్తుందా, లేదు. అంతే. పొద్దున్నే డైరీ పట్టుకుని బండిలోని బాత్రూంలో దూరి తలుపేసుకునేదాన్ని. మోకాళ్లు తలుపుకు తగిలేంత ఇరుకు. రెండో రోజు కెమ్నిట్జ్ దగ్గర ఆగినప్పుడు ఆయన మందుల షాపుకు వెళ్లి కడుపునొప్పి మాత్రలు తెచ్చి నా సీటు మీద పెట్టారు. సిగ్గుతో ప్రాణం పోయింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఒక మాత్ర వేసుకున్నాను కూడా.

ఎడారి పక్క ఊళ్లో, పైన్ చెట్ల కింద, వ్యాన్లు ఆపుకుని కరెంటు తగిలించుకునే చోటు దొరికింది. మధ్యాహ్నం ఆయన గిన్నెల టబ్బు పట్టుకుని కుళాయిల దగ్గరకు వెళ్లారు. నేను దోసెల్లోకి పచ్చడి చేద్దామని, ఇంటి నుంచి మూటగట్టి తెచ్చిన మిక్సీ బయటికి తీశాను. ఒకవైపు రైస్ కుక్కర్ ఉడుకుతోంది. కొబ్బరి, పుట్నాలు, పచ్చిమిరపకాయలు వేసి మిక్సీ తిప్పాను. ఒక్క గుర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. మా బండిలోనే కాదు, వరసంతా కరెంటు పోయింది.

పక్క బండి గుమ్మంలోకి ఒక జర్మన్ పెద్దావిడ వచ్చి, "మా కాఫీ మిషను ఆగిపోయింది. మీకు కరెంటు ఉందా?" అని అటూ ఇటూ అడుగుతోంది. తలుపేసుకుని కూర్చోవచ్చు. కానీ తప్పు నాదేనని తెలిసి ఎలా కూర్చోను? మిక్సీ జారు చేత్తో పట్టుకునే బయటికి వెళ్లాను.

"నేనేనండి. పచ్చడి చేస్తున్నాను," అన్నాను జర్మన్‌లో.

"దేంతో? ఏదీ, చూపించండి."

మిక్సీ తెచ్చి చూపించాను. ఆవిడ చేత్తో ఎత్తి బరువు చూసి, దీనికి లారీ ఇంజనుందని భర్తను కేకేసింది. లోపలి నుంచి ఆయన, "నంబరు ప్లేటుందా దానికి?" అన్నాడు.

ఫ్యూజుల పెట్టెకు తాళం. తాళంచెవి ఆఫీసులో. మధ్యాహ్నం విశ్రాంతి వేళ కాబట్టి ఆఫీసు మూసి ఉంది, మూడింటికి గానీ తీయరు. ఆవిడ కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. సగం నలిగిన పచ్చడి వేలితో తీసి నోట్లో వేసుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూనే ఇంకోసారి తీసుకుంది. రోజంతా ఇంట్లో ఏం చేస్తుంటారని అడిగింది. చదువుతానన్నాను. ఈమధ్య ఏం చదివారని అడిగింది. పెళ్లివాళ్ల బస్సు అందుకోలేకపోయిన వంటవాడి కథ చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో నేర్చుకున్న జర్మన్ చాలని చోట చేతులతో, గరిటెతో చెప్పాను. అంత ఎప్పుడు మాట్లాడానో నాకే గుర్తులేదు. తల తిప్పేసరికి మావారు టబ్బు పట్టుకుని చెట్టు పక్కన నిలబడి ఉన్నారు.

"తర్వాత ఏమైంది? వంటాయన పెళ్లికి చేరిండా లేదా?" అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్లాక, గిన్నెలు సర్దుతూ గొంతు తగ్గించి అన్నారు. "జర్మన్‌ల గింత మంచిగ మాట్లాడతవ్. నాతోటి తెలుగుల నాలుగు మాటలు రావా? నేనంటే ఇష్టం లేదేమో అనుకున్న. పొద్దున లేస్తే బాత్రూంల ఏడుస్తున్నవేమో అని... మాత్రలు తెస్తే అన్నా చెప్తవని తెచ్చిన."

"ఏడవడం లేదండీ. డైరీ రాసుకుంటున్నాను."

"బాత్రూంలనా!"

నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. ఇద్దరం ఆగలేక నవ్వుతుంటే పక్క బండి తాత కిటికీ తీసి, కరెంటు వచ్చిందా అని అడిగాడు.

"నాకు మాట్లాడ్డం రాదండీ," అన్నాను నవ్వు ఆగాక. "చదవడం వచ్చు."

"మరి చదువు. నాకు తెలుగుల బస్సు బోర్డులు తప్ప ఏం చదవరాదు. అంత ఇంగ్లీష్ మీడియమే."

మర్నాడు ఎడారి చూశాం. దారి దిగితే పాత బాంబులుంటాయని బోర్డులు. ఇసుక, గడ్డి దుబ్బులు, దూరంగా పైన్ చెట్ల గీత, నెత్తిన బోలెడంత ఆకాశం. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "అమెరికాది ఇంకొంచెం పెద్దగ ఉంటదేమో," అన్నారు. నాకు మాత్రం చాలా పెద్దదిగా, చాలా అందంగా కనిపించింది. బండి పాడవనందుకు, ఫ్యూజు కొట్టేసినందుకు, ఆఫీసు మూసి ఉన్నందుకు ఆ ఇసుక మీద నిలబడి అన్నిటికీ ఒకేసారి దణ్ణం పెట్టాను.

తిరుగు ప్రయాణమంతా చదివాను. సూట్‌కేసులో బట్టల అడుగున దాచి తెచ్చుకున్న కథల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మొదట గొణిగినట్టుగా, తర్వాత పాత్రల గొంతులు మార్చి మరీ. ఆయన పాటలు కట్టేశారు. నవ్వే చోట స్టీరింగు మీద కొట్టారు. నీళ్లు తాగడానికి తలెత్తితే, కార్ల్స్‌రూహె బోర్డు వెనక్కి వెళ్లిపోతూ కనిపించింది.

"అయ్యో, మనం దిగాల్సిన చోటు దాటిపోయిందండీ!"

"చూసిన. ముందట ఇంకోటుంది. నువ్వు ఆపకు, చదువు."