స్పాంజి దేంతో చేస్తారు?

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి న్యూరో ఆపరేషన్ థియేటర్లో స్క్రబ్ నర్సుని. అంటే సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించేదాన్ని. అప్పటికి పన్నెండేళ్ల సర్వీసు. ఈ పనిలో నాకు తెలియనిది లేదనుకునే రోజులవి.

ముత్తుకూరు నుంచి మస్తాన్ అనే టైలరు వచ్చారు. పోర్టు కార్మికులకు యూనిఫారాలు, రెయిన్ కోట్లు కుడతారు. చిన్నమెదడు దగ్గర గడ్డ. నడిస్తే తూలిపోతున్నారు, సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నారు. ఇంకా ఆలస్యం చేస్తే మంచం పట్టడమే.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం వార్డుకెళ్లి జరగబోయేది చెప్పాను. మెదడు మీద డ్యూరా అనే పొర ఉంటుంది. గడ్డ తీశాక దాన్ని కుట్టి, పైన ఫిబ్రిన్ గ్లూ వేస్తాం. రెండు సిరంజిల్లో రెండు మందులు. కొసన కలవగానే, దెబ్బ మీద రక్తం గడ్డకట్టినట్టు బిగుసుకుంటాయి. దాని మీద జెలటిన్ స్పాంజి ముక్క పెడతాం. ఇదంతా చేయకపోతే మెదడు నీరు బయటికి కారుతుంది. దానికి ఇన్ఫెక్షన్ తోడైతే ప్రాణం మీదికొస్తుంది.

"తెలిసిందిలే సిస్టర్," అన్నారాయన. "రెయిన్ కోటు ఎంత దగ్గరగా కుట్టినా సూది బెజ్జాల్లోంచి నీళ్లు దిగతాయి. లోపల టేపు అంటించాల్సిందే. సరే, ఆ గమ్ము దేంతో చేస్తారు?"

"మనుషుల రక్తంలోంచే తీస్తారన్నా."

"మరి స్పాంజి?"

గతుక్కుమన్నాను. అలాంటి డబ్బాలు ఎన్ని విప్పానో లెక్కలేదు, ఒక్కదాని మీదా ఏం రాసుందో చదవలేదు. "చూసి చెప్తా" అని థియేటర్‌కి పోయి డబ్బా తీశాను. పంది చర్మం నుంచి తీసిన జెలటిన్ అని చిన్న అక్షరాల్లో ఉంది. ముస్లింలకు పంది నిషిద్ధం.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే అసలు ఆపరేషనే వద్దని ఇంటికి వెళ్లిపోతారేమోనని భయం. అయినా వెళ్లి చెప్పాను.

ఆయన విని అన్నారు, "వేరే దారి లేకుంటే పెట్టేయండి. ప్రాణం కోసమైతే తప్పు లేదంటారు మా పెద్దోళ్లు. ఉంటే మాత్రం అదేందో చూడండి సిస్టర్."

సర్జన్ గారు ముందు విసుక్కున్నారు. "రేపు పొద్దున కేసు పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?" తర్వాత తనే ఆలోచించి, స్పాంజి బదులు ఆయన తొడలోంచే కండ ముక్క, దాని పైపొర తీద్దామన్నారు. అదనంగా ఇంకో కోత, ఇంకాస్త సమయం. మర్నాడు అలాగే చేశాం. కుట్టు మీద ఆ ముక్క పరిచి, తడి లేకుండా అద్ది, గ్లూ వేసి, బిగుసుకునేదాకా ఎవరమూ చేయి కదపలేదు.

ఐదో రోజు కట్టు విప్పితే లోపలంతా పొడిగా ఉంది. నాకే సంతోషంతో కళ్లు చెమర్చాయి. మస్తాన్ అన్న నావైపు చూసి నెమ్మదిగా అడిగారు.

"నేను అడిగినా కాబట్టి చెప్పినారు. నాకంటే ముందొచ్చిన మావాళ్లకి ఎవురు చెప్పినారు సిస్టర్?"

"ఎవరూ చెప్పలేదన్నా. నాకే తెలీదు."

ఆయన తల ఊపి అటు తిరిగి పడుకున్నారు. తల కొట్టేసినట్టయింది నాకు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి రోగి అడిగేదాకా ఆగడం మానేశాను. ఏ వస్తువు దేంతో తయారైందో ముందే చదివి, వాళ్ల దగ్గర కూర్చుని చెప్తాను. అంతకుముందు వచ్చి వెళ్లినవాళ్లకి మాత్రం ఇక చెప్పలేను.