గూళ్ల చుట్టూ బియ్యప్పిండి

నాకు ముందుజాగ్రత్త ఎక్కువ. బోధన్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు దీనికే నవ్వుకుంటారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే, నందిపేట్ వైపు శ్రీరాంసాగర్ జలాశయంలో ఒక ఇసుకదిబ్బ తేలుతుంది. దాని మీద గుడ్లు పెట్టే పిట్టల ఫొటోలకు అటవీ శాఖ రెండు పొద్దుటిపూటలు, ఎనిమిదింటి దాకా అనుమతి ఇచ్చింది. కెమెరాతో పాటు ఒక డబ్బా బియ్యప్పిండి కూడా సంచిలో పెట్టుకున్నాను.

పసుపు ముక్కు, నల్ల నెత్తి ఉన్న ఆ పిట్టలు గూడంటూ కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లదీ ఇసుక రంగే. ఏమరుపాటున అడుగేస్తే అంతే సంగతులు. ఒక్కో గుంట చుట్టూ పిండితో గీత గీస్తే ఇక తొక్కనని నా తెలివి. సున్నమైతే ఘాటు, రంగైతే విషం. బియ్యప్పిండితో ఎవరికి హాని?

పడవ నడిపే జాలరి అన్న నా డబ్బా చూసి తెడ్డు ఆపాడు.

"గిదేంది మేడం, ముగ్గేస్తవా?"

"గుడ్లు తొక్కకుంట గుర్తు పెడుతున్న అన్నా."

"గీడ ఏం ఇడిసిపెట్టొద్దని ఫారెస్టు సారు జెప్పలే?"

"పిండి గూడ ఇడిసిపెట్టుడేనా? చీమలు తింటయి, అయిపోతది."

"చీమలే తింటయా?" అంటూ ఒడ్డు వైపు చూశాడు. అక్కడ ఎండిన తుమ్మచెట్టు మీద నాలుగు కాకులున్నాయి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, నాకే చెప్పొచ్చాడు!

పదకొండు గుంటలకు గీతలు గీశాను. తల్లిపిట్టలు నెత్తి మీదికి దూకుతూ ఒకటే అరుపు. ఒక గుంటలో గుడ్డు బీటలు వారింది. వంగితే లోపలి నుంచి సన్నగా కిచకిచ వినిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. రేపు పొద్దున్నకు పిల్ల బయటికొస్తుంది. నేను వచ్చింది ఆ ఒక్క ఫొటో కోసమే.

తిరిగి వస్తుంటే తుమ్మచెట్టు కాకులతో నల్లబడి ఉంది. రెండు కాకులు మా తల మీదుగా దిబ్బ వైపు పోయాయి.

"పిండం పెట్టి కావుకావుమని మొత్తుకున్నా రావు మేడం ఇవి. గిప్పుడు సూడు, పిలువకున్నా వోతున్నయి. పడవ తిప్పాల్నా? పిండి ఊడ్సి వద్దాం."

వెనక్కి తిరిగి దిబ్బ వైపు చూశాను. అయినా నోరు మాత్రం, "పర్మిషన్ ఎనిమిది దాకనే. రూలంటే రూలే" అంది.

మర్నాడు పొద్దున పడవ దిబ్బను తాకినా నెత్తి మీద అరుపుల్లేవు.

పిండి గీతలు ముక్కముక్కలుగా తెగి ఉన్నాయి. ఇసుక నిండా కాకి అడుగులు. గీత మీది పిండి తింటూ తింటూ గుంట దాకా వచ్చేశాయి. పదకొండు గుంటల్లోనూ పెంకులే. బీటలు వారిన గుడ్డుది సగం చిప్ప మిగిలింది, లోపల కొంచెం నెత్తురు. చేతులారా కాకులకు విస్తరి వేసి వడ్డించాను నేను.

గుడ్లు ఎండకు మాడకుండా ఆ తల్లులు పొట్ట నీళ్లలో తడుపుకొని వచ్చి కూర్చుంటాయి. ఒక తల్లి అలాగే వచ్చింది, పొట్ట నుంచి నీళ్లు కారుతుండగా. ఖాళీ గుంటలో సర్దుకొని కూర్చుంది. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

ఏడుస్తూ వెనక్కి నడుస్తున్నాను.

"ఆగు!" అని అరిచాడు అన్న.

నా కాలికి జానెడు దూరంలో ఒక పిట్ట లేచిపోయింది. అక్కడ ఒక గుంట, అందులో రెండు గుడ్లు. చుట్టూ గీత లేదు. నిన్న రెండుసార్లు ఆ పక్కనుంచే నడిచాను, చూడనే లేదు.

చెయ్యి దానంతటదే కెమెరా ఎత్తింది. అన్న వచ్చి లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు పెంచలేదు.

"నీ కంట్ల వడలేదు గనకనే గివి బతికినయి మేడం. నీకు దండం వెడత, నడువు."